నిమ్మకాయ బండిలో నర్సమ్మ

ఆ బండిని మొదటిసారి వీధిలోకి దించిన పూటే ఎవడో మేడ మీంచి "ఒరేయ్, నిమ్మకాయ వెళ్తోంది చూడండ్రా" అన్నాడు. అన్నవాడెవడో తెలియలేదు గాని పేరు మాత్రం అతుక్కుపోయింది. నిజానికి అనడంలో తప్పేమీ లేదు. దాని ముందు భాగం అచ్చంగా నిమ్మకాయే. పళ్ళరసాల దుకాణం ఒకటి గుమ్మం మీద నిలబెట్టుకోవడానికి నర్సమ్మ భర్త ఒకప్పుడు ఫైబరుతో మనిషెత్తు నిమ్మకాయ పోసి ఇచ్చాడు. దుకాణం మూతపడింది, అచ్చు అతని షెడ్డులో మిగిలిపోయింది. భార్యకి బండి చేయాల్సి వచ్చినప్పుడు ఆ నిమ్మకాయ సగానికీ, పార్కుల్లో పిల్లలు జారే గొట్టం అచ్చుకీ పెళ్ళి చేశాడు. రంగు కూడా పసుపే వేశాడు. తెల్లరంగు వేస్తే స్నానాల తొట్టి రోడ్డెక్కిందంటారని అతని భయం.

అతని పని అదే, ఫైబరు. నీళ్ళ ట్యాంకుల మూతలు, స్నానాల తొట్లు, బట్టల కొట్లో నిలబెట్టే తల లేని బొమ్మలు, పళ్ళ డాక్టరు గుమ్మం ముందు పెట్టే కుర్చీ అంత పన్ను. ఆ జిగురు ఆవిరి ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి అతని ముక్కు చచ్చిపోయింది. పాలు మాడినా తెలియదు, గ్యాసు లీకైనా తెలియదు, సెంటు కొట్టుకున్న మనిషి పక్కన కూర్చున్నా తెలియదు.

"మా ఇంట్లో ఉన్నది ఒక్క ముక్కే. అది నాది. ఆయన మొహం మీద ఉన్నది కళ్ళజోడు ఆనడానికి," అనేది నర్సమ్మ వచ్చినవాళ్ళతో.

అతను నవ్వేవాడు. వాసన లేని లోకంలో బతికే మనిషికి రోత తక్కువ ఉంటుందని అందరూ అనుకుంటారు. అతనికి ఉల్టా. వాసన రాదు కాబట్టి ఏది కుళ్ళిందో కళ్ళతో వెతుక్కునేవాడు. అన్నం గిన్నె వెలుతురుకి పట్టుకుని చూసేవాడు. ఎక్కడ తడి కనబడినా అనుమానమే. చెయ్యి తుడుచుకునే గుడ్డని కూడా ముందు తిప్పి చూసేవాడు.

నర్సమ్మకి రోత అంటే ఏమిటో తెలియదు. పెద్దాసుపత్రిలో కట్లు కట్టే గదిలో వయసంతా గడిపింది. చీము, పుండు, పురుగు, మంచంలో ఒరుసుకుపోయిన వీపులు, అన్నీ ఆమెకి పనిసామాను. ఆసుపత్రి మెట్లమీద ఎవరో సబ్బునీళ్ళు పోసి తుడవకుండా పోతే జారి పడింది. తుంటిలో ఇనప గుండు వేశారు. ఆ తర్వాత కాలు పైకి లేవదు, నడుం పక్కకి తిరగదు. ఉద్యోగం మానేసి, ఇళ్ళకి వెళ్ళి కట్లు కడతానంది.

"ఎలా వెళ్తావు?" అన్నాడు భర్త.

అదే చిక్కు. స్కూటరు మీద కాలు వేయలేదు. బస్సు మెట్టు ఆమె మోకాలంత ఎత్తు. ఆటోవాళ్ళు దగ్గర దూరాలకి రారు, వచ్చినా ప్రతి గుంతకీ తుంటిలో గుండు కదిలినట్టయి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. నడుము వాల్చి, కాళ్ళు ముందుకు చాపుకుంటే మాత్రం నొప్పి ఉండేది కాదు. పడక్కుర్చీలో అలా పడుకుని రెండు పాదాలూ గాల్లో సైకిలు తొక్కినట్టు ఆడించేది, డాక్టరు చెప్పిన కసరత్తు. అది చూసి అతనికి తట్టింది. పడక్కుర్చీకే చక్రాలు పెడితే సరి.

ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. సీటు నేలకి జానెడు ఎత్తు, వెనక్కి వాలి ఉంటుంది. పెడళ్ళు ముందు నిమ్మకాయ ముచ్చిక లోపల. తిప్పడానికి తుంటికి అటూ ఇటూ రెండు పిడులు. వెనక చక్రం నడిమధ్య ఒక మోటరు, సీటు కింద బ్యాటరీ. తొక్కితేనే మోటరు అందుకుంటుంది, తొక్కడం ఆపితే అదీ ఆపేస్తుంది. ఎత్తు వంతెన ఎక్కేటప్పుడు ఎవరో వీపు మీద చెయ్యేసి నెడుతున్నట్టుంటుందని ఆమె చెప్పేది. రాత్రి ఇంట్లో ప్లగ్గుకి తగిలిస్తే మర్నాటి తిరుగుడంతటికీ సరిపోయేది. పైన తెరుచుకునే మూత, మూతకి రోడ్డు కనబడే అద్దం, పక్కన వెనక వచ్చేవి కనబడే చిన్న అద్దం. వెనక తోకలో సామాను గూడు, దానికి బయటినుంచి తెరిచే చిన్న తలుపు. తోక మీద నిలబెట్టిన బొంగు చివర నారింజరంగు గుడ్డ, లారీవాళ్ళకి కనబడాలని.

ఎండకి ఎండదు, వానకి తడవదు, పెట్రోలు తాగదు, పడిపోదు. ఇంతకంటే రోడ్డు మీద తిరిగే బండికి ఏం కావాలో అతనికి అర్థం కాలేదు. రోడ్డుకి మాత్రం చాలా కావాల్సి వచ్చింది.

మొదటి వారం అతను స్కూటరు మీద ఆమె వెనకే వెళ్ళాడు. అప్పుడు చూశాడు మనుషుల్ని. నర్సమ్మ మొహం కారు పొగగొట్టాల ఎత్తులో ఉంటుంది. ఆమెకి కనబడేవి మొహాలు కావు, బంపర్లు, మోకాళ్ళు, చెప్పులు. సిగ్నలు దగ్గర ఆగితే పక్క కారాయన అద్దం దించి, నోట్లో ఉన్నదంతా ఆ పసుపు మూత మీద ఉమ్మి, అద్దం ఎక్కించుకున్నాడు. కోపంతో కాదు. ఎదురుగా ఏదో ఉంది, నోట్లో ఏదో ఉంది, అంతే. బస్సులోంచి ఒకామె నారింజ తొక్కలు విసిరింది. ఇద్దరు కుర్రాళ్ళు బండి నడుపుతూనే ఫోను పట్టుకుని వీడియో తీస్తూ ఆమెని డివైడరు దాకా నొక్కేశారు. పొడుగు చొక్కా వేసుకున్న పెద్దమనిషొకడు వంగి మూత మీద టకటకా కొట్టి, "లోపల మనిషున్నారా?" అన్నాడు.

"లేదండీ, రసం," అంది నర్సమ్మ లోపల్నుంచి.

కూడలిలో పోలీసాయన ఆపాడు.

"ఇది సైకిలా, మోటారా?"

"తొక్కితే సైకిలు సార్."

"తొక్కకపోతే?"

"తొక్కకపోతే ఆగిపోతుంది."

ఆయన బండి చుట్టూ తిరిగి, లోపలికి తొంగిచూసి, చివరికి, "మీరు పడుకుని వెళ్తుంటే మేం నిలబడి చూడాలి. వెళ్ళండమ్మా," అన్నాడు. ఆ వారంలో రోడ్డు మీద మనిషిలా మాట్లాడినవాడు ఆయనొక్కడే.

ఇంటికొచ్చాక అతను మూత మీద ఎండిన ఉమ్మిని గోరుతో గీకి, సబ్బుతో కడిగి, మళ్ళీ కడిగి, చేతులు మోచేతుల దాకా తోముకున్నాడు. "ఛీ. వీళ్ళు మనుషులేనా? చేసిపెట్టి తప్పుచేశాను," అన్నాడు.

"ఉమ్మితే ఉమ్మారు. మూతుంది కదా. మూత ఎందుకు పెట్టావు మరి?" అంది ఆమె కూర తాలింపు వేస్తూ.

ఆమె రోజూ వెళ్ళే ఇళ్ళలో అన్నిటికంటే ఇష్టమైనది లారీ తాత ఇల్లు. ఆయన లారీ నడిపిన మనిషి. ఎత్తరి, గొంతు ఇంకా హైవే మీదే ఉన్నట్టు మాట్లాడతాడు. షుగరు వచ్చి పాదాలు మొద్దుబారాయి. కుడి అరికాలి కింద పుండు పడింది. దాని మీద మేకు గుచ్చినా ఆయనకి తెలియదు. నొప్పి లేని పుండు ఎంత చెడ్డదో నర్సమ్మకి తెలుసు. నొప్పి చెప్పని మాట వాసన చెప్పాలి. అందుకే ఆమెకో పద్ధతి ఉండేది. పాత కట్టు విప్పగానే, పుండు వైపు చూడకుండా, కళ్ళు మూసుకుని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళేది. మంచి పుండుకి ఇనప వాసన ఉంటుందట. తిరగబడబోయే పుండుకి తియ్యటి కుళ్ళు వాసన, కంటికి నలుపు కనబడక ముందే వచ్చేస్తుందట. ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లు కూడా ఆమె ముక్కు వైపే చూసేవారు.

"ఏం అమ్మాయ్, డీజిలా పెట్రోలా?" అనేవాడు తాత ఆమె పాదం మీదికి వంగినప్పుడల్లా.

"డీజిలే బాబాయ్. బండి కండిషన్‌లో ఉంది."

ఆయనకి నిమ్మకాయ బండంటే ప్రాణం. కిటికీలోంచి దాన్ని చూస్తూ, "నా లారీ స్టెప్నీ టైరంత లేదు, ఎంత పొగరో దానికి," అనేవాడు. ఒకరోజు అటక మీంచి తన పాత లారీ హారను దింపించి నర్సమ్మ భర్తకి కబురుపెట్టాడు. అతను వచ్చి బిగించాడు. ఆ తర్వాత నేలకి జానెడు ఎత్తులో పోతున్న నిమ్మకాయలోంచి సరుకు లారీ మోత వచ్చేది. ఉమ్మబోయిన వాళ్ళు మింగేసేవారు. బస్సులు పక్కకి తప్పుకుని, తర్వాత ఏది మోగిందో తెలియక వెతుక్కునేవి. నర్సమ్మ లోపల పడుకుని ఒక్కతే నవ్వుకునేది.

తాత కొడుక్కి నీళ్ళ పంపుల షాపు. మర్యాదస్తుడు. "అక్కా, మంచినీళ్ళు తాగారా? అక్కా, ఫ్యాను వేయమంటారా?" అనేవాడు, గుమ్మం అవతలే నిలబడి. కట్టు విప్పే గదిలోకి ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఆమె వచ్చే ముందొకసారి, వెళ్ళాక ఒకసారి గదంతా సెంటు కొట్టేవాడు. తండ్రి కాలి వాసన ఇల్లు దాటకూడదని అతని పట్టుదల.

విప్పిన కట్లన్నీ నర్సమ్మ మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో వేసి, సీటు పక్కనుంచి చెయ్యి వెనక్కి పెట్టి, చూడకుండానే తోకగూట్లోకి తోసేది. అన్ని ఇళ్ళూ అయ్యాక ఆసుపత్రికి పోయి, వెనక గేటు దగ్గర హారను మోగించేది. కట్లు తగలబెట్టే గదిలో పనిచేసే ఆయమ్మ వచ్చి, తోక తలుపు తెరిచి, డబ్బా ఖాళీ చేసి, కడిగి, మళ్ళీ లోపల పెట్టేది. నడుం తిరగని నర్సమ్మని లేపడం ఎందుకని ఆమె ఏర్పాటు. ఇద్దరూ పక్క అద్దంలోంచి పలకరించుకునేవారు. వెనక గూట్లో ఏముందో నర్సమ్మ తిరిగి చూసిన రోజు లేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు, "ఏమయ్యా, బండిలో ఏదో వాసన," అంది.

అతను బండి బయటికి లాగి, మూత తెరిచి, గూడు కడిగి, ఫినాయిలు పోసి, ఎండలో పెట్టాడు. ముక్కు పెట్టి చూశాడు కూడా, అలవాటుకొద్దీ.

"ఇప్పుడు లేదు చూడు."

"ఎవరిని అడిగాను నేను," అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తనూ వచ్చి వాసన చూసి, "ఉంది, కాస్త తగ్గింది. డబ్బాదేలే," అంది.

అతను మళ్ళీ కడిగాడు. ప్రతి సాయంత్రం కడిగాడు. కొన్నాళ్ళకి ఆమె, "పోయిందయ్యా, ఇప్పుడు హాయిగా ఉంది," అంది. తన చేత్తో తనకి తెలియని శత్రువుని చంపినట్టు అతను సంబరపడ్డాడు. ఆ సంబరం తలుచుకుంటే తర్వాత చాలాకాలం అతనికి తన మీద తనకే వాంతి వచ్చేది. వాసన పోలేదు. నర్సమ్మ ముక్కు దానికి అలవాటు పడిపోయింది. మూత వేసుకుని, కుళ్ళులో వెల్లకిలా పడుకుని, ఆమె రోజూ ఇల్లిల్లూ తిరిగింది.

అప్పుడే తాతకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. నర్సమ్మ కట్టు విప్పి, కళ్ళు మూసుకుని, పాదం దగ్గరికి వంగి, "డీజిలే," అంది. రెండోరోజూ అదే అంది. మూడోరోజు తాత ఆమెని గుర్తుపట్టలేదు, ఎవరినో క్లీనర్ని పిలుస్తూ ఏదో చెక్‌పోస్టు గురించి మాట్లాడాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు కట్టు విప్పి, తల వెనక్కి లాక్కుని, "ఇంత వాసన వస్తుంటే ఎన్నాళ్ళనుంచి ఊరుకున్నారు? ఎవరు కడుతున్నారు దీనికి?" అన్నాడు.

"నేనేనండీ," అంది నర్సమ్మ.

పుండు పైకి బాగానే ఉండి, లోపల ఎముక దాకా కుళ్ళింది. కాలు తీసేయాలేమో అన్నారు. ఆ తర్వాత రెండు రోజులూ ఆమె ఇంటికి రాలేదు. తాత మంచం పక్క స్టూలు మీదే కూర్చుంది. చివరికి ముందు సగం పాదం కోసేసి, మడమ నిలబెట్టారు. ఆ మడమైనా దక్కాలంటే పుండు మళ్ళీ తిరగబడకూడదు, తిరగబడితే ఈసారి మోకాలి దాకా పోతుందని చెప్పారు.

బండిని భర్త మొదటిరోజే ఇంటికి చేర్చాడు, అతని స్కూటరు ఎక్కే వీల్లేదు గనక ఆమె టాక్సీలో ఇంటికొచ్చింది. గేటు తీసి రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇంట్లో ఏం చచ్చింది?"

అతను వంటింటి నుంచి వచ్చాడు. ఏమీ చావలేదన్నాడు. ఆమె గోడ పట్టుకుని వాసన వెంబడి నడిచింది, వసారాలో నిలబెట్టిన నిమ్మకాయ బండి దాకా. మూత తెరిచింది. మొహం పాలిపోయింది. పుళ్ళ మధ్య పండిన ఆ మనిషి గోడకి తిరిగి భళ్ళున కక్కింది. పెళ్ళయినప్పటినుంచి ఆమె దేనికైనా వాంతి చేసుకోవడం అతను చూడలేదు.

"దీన్లోనా నేను తిరిగింది," అంది, నోరు తుడుచుకుంటూ. "దీన్లో పడుకుని పోయి ఆయన కాలు వాసన చూశానా?"

అతను రెంచీ తెచ్చి సీటు విప్పాడు. కింద నేలపలక విప్పాడు. అతను రోజూ కడిగింది పైనే. పలకకీ డొల్లకీ మధ్య అరచెయ్యంత సందు ఉంది. వాన నీళ్ళు పోవడానికి అతనే వదిలిన సందు. అందులో నల్లటి జిగురు, జిగురులో చేప పొలుసులు, ఉల్లిపొట్టు, కోడి ఈకలు, తెల్లటి పురుగులు మెల్లగా కదులుతున్నాయి. అతనికి వాసన రాలేదు. కళ్ళకి మాత్రం అంతా వచ్చింది. తన చేత్తో నునుపుగా రుద్దిన ఫైబరు మీద అది తీగలు తీగలుగా సాగింది.

"మనం చేప తెచ్చి ఏడాదవుతుంది," అన్నాడు.

ఆయమ్మకి ఫోను చేసింది నర్సమ్మ. ఆయమ్మ పెద్ద గొంతు అతనికీ వినబడింది. "రోజూ డబ్బాతో పాటు ఒక నల్ల కవరు ఉంటుంది కదమ్మా. కారుతా ఉంటుంది. మీ ఇంటిదే అనుకున్నా. పోనీలే, కాలు బాలేని మనిషి, ఎక్కడ పారేస్తుందిలే అని నేనే తీసి పారేస్తున్నా. చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

అందరూ దయగలవాళ్ళే. ఆ మాటకి అతనికి ఒళ్ళంతా పురుగులు పాకినట్టయింది.

తాత ఇంటికి వచ్చాక నర్సమ్మ మళ్ళీ కట్టు కట్టడానికి వెళ్ళింది, కొత్త పలక వేసిన బండిలో, మూత లేకుండా. అతను ముందే పోయి ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. ఏ వీధిలో ఏ దరిద్రుడు వేస్తున్నాడో చూడాలని ఒక్కో ఇంటి ముందూ నిలబడదామని అతని ఆలోచన. రెండో ఇంటికి వెళ్ళాల్సిన పని పడలేదు. నర్సమ్మ లోపలికి వెళ్ళిన కాసేపటికి పంపుల షాపాయన ఇస్త్రీ చొక్కాతో బయటికొచ్చాడు. ఒక చేతిలో తాళాలు, ఒక చేతిలో చివర్న పట్టుకున్న నల్ల కవరు, ప్యాంటుకి తగలకుండా దూరంగా. అటూ ఇటూ చూడలేదు. దొంగలాగా చూసి ఉంటే కొంత బాగుండేదని అతనికి తర్వాత అనిపించింది. ఉత్తరం డబ్బాలో ఉత్తరం వేసినట్టు తోక తలుపు తెరిచి, కవరు వేసి, తలుపు మూసి, మీద చిన్నగా తట్టి, వేళ్ళు రుమాలుతో తుడుచుకున్నాడు.

అతను రోడ్డు దాటి వెళ్ళి కవరు తీసి షాపాయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"అరె, అన్నా, మీరెప్పుడొచ్చారు?"

"ఇదేంటి?"

"ఏముందన్నా, వంటింటి చెత్త." అతని మొహంలో ఏ కల్మషమూ లేదు. "చెత్త బండివాడు మా వీధికి ఓ పూట వస్తే ఓ పూట రాడు. అక్క ఎలాగూ కంపుగుడ్డలు మోసుకెళ్తుంది కదా. దాంతో పాటే పోతుందని."

"అడిగావా ఆమెని?"

"ఇంత చిన్నదానికి అడగడమేంటన్నా. బరువేం కాదు కదా. పైగా మోటరే లాగుతుంది."

నర్సమ్మ భర్త, ఆ మోటరుని ఎందుకు పెట్టాడో, ఎన్నిసార్లు విప్పి బిగించాడో, తుంటిలో గుండున్న మనిషి వంతెన ఎక్కేటప్పుడు నొప్పి పడకూడదని ఎంత తంటాలు పడ్డాడో తలుచుకున్నాడు. అదంతా ఇతని చేపల చెత్త సుఖంగా పోవడానికి పనికొచ్చింది.

"నువ్వు మనిషివేనా?" అన్నాడు.

"అన్నా, మాట మర్యాదగా రానివ్వండి. నేనేమన్నా మిమ్మల్ని..."

గుమ్మంలోంచి నర్సమ్మ గొంతు వచ్చింది. "ఇద్దరూ లోపలికి రండి."

ఆమె అంతా విన్నది. చేతులకి తొడుగులున్నాయి. మంచం మీద తాత పాదం విప్పి ఉంది, ముందు సగం లేని పాదం, కుట్లు వేసిన మొండి. షాపాయన గుమ్మం దగ్గరే ఆగాడు.

"దగ్గరికి రా," అంది ఆమె.

"ఇక్కణ్ణుంచి కనబడుతోందక్కా."

"కనబడటానికి కాదు. వంగు. వాసన చూసి చెప్పు."

"నేనా?" అతను నిజంగా భయపడ్డాడు. "నాకు ఇలాంటివి పడవక్కా. అన్నం సయించదు."

"నా ముక్కు మీద ఇక నాకు నమ్మకం లేదు. అది నీ చెత్తకి అలవాటు పడింది, ఇంకెప్పుడు దేనికి అలవాటు పడుతుందో నాకు తెలియదు. మా ఆయనకి ముక్కే లేదు. మీ నాన్నకి కాలు తెలియదు. ఈ మడమ ఉండాలంటే ఇంకో ముక్కు కావాలి. రోజూ నేను కట్టు విప్పగానే నువ్వు రావాలి. రాకపోతే నేను కట్టను, వేరే మనిషిని చూసుకోండి."

షాపాయన తండ్రి వైపు చూశాడు, అక్కడినుంచి సాయం వస్తుందేమోనని.

"సయించకపోతే ఓ పూట మానెయ్యరా. నీ గుడ్డలు ఉతికిన చేత్తోనే మీ అమ్మ అన్నం తినేది," అన్నాడు తాత.

అతను వంగాడు. ఇస్త్రీ చొక్కా ముడతలు పడింది. తండ్రి మొండిపాదానికి బెత్తెడు దూరంలో ఆగి, ఊపిరి బిగబట్టాడు.

"పీల్చు," అంది నర్సమ్మ.

పీల్చాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గోడ పట్టుకున్నాడు.

"ఏరా, డీజిలా పెట్రోలా?" అన్నాడు తాత.

"తెలియదు."

"రేపు తెలుస్తుంది," అంది నర్సమ్మ, కట్టు మొదలుపెట్టి.

ఆ తర్వాత రోజూ వంగాడు. మొదట్లో సెంటు రుమాలు జేబులో పెట్టుకుని వచ్చేవాడు, ఆమె తీయించేసింది. పదిహేను ఇరవై రోజులకి తేడా చెప్పడం నేర్చుకున్నాడు. "ఇవాళ ఇనుములా ఉందక్కా," అనేవాడు, చిన్నపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు. ఒకసారి ఆమెకంటే ముందే, "ఏదో తియ్యగా ఉంది," అన్నాడు. ఆమె వెంటనే పుండు తెరిచి శుభ్రం చేయించింది. మడమ నిలబడింది. అతనేమీ మారిన మనిషి కాదు. చెత్త కవరు పక్కింటి గోడ వారకి మారింది, అంతే. నర్సమ్మ భర్త అతన్ని చూసినప్పుడల్లా చూపు తిప్పుకునేవాడు. బండికి తోక తలుపు లేకుండా ఫైబరుతో పూడ్చేశాడు. డబ్బా ఇక ఆమె ఒళ్ళోనే. మూత మాత్రం ఆమె మళ్ళీ పెట్టించుకోలేదు. వానలో తడుస్తూ, పొగ మింగుతూ, ఉమ్మేవాళ్ళ మధ్యనుంచి లారీ హారను మోగించుకుంటూ పోయేది. "మొహం మీద పడితే తుడుచుకుంటా. ముక్కుకి మాత్రం గాలి తగలాలి," అనేది.

ఆమె పోయింది రోడ్డు మీద కాదు. ఆ రోడ్డుకి అంత గొప్ప ఇవ్వడం అతనికి ఇష్టం ఉండదు. పక్క మీదే, నిద్రలో, గుండె ఆగింది.

బండి వసారాలోనే ఉంది. అతను రోజూ కడిగేవాడు. పలక విప్పి, సందులో గుడ్డ దూర్చి, వెలుతురుకి చూసి, మళ్ళీ బిగించేవాడు. శుభ్రంగానే కనబడేది. కానీ కనబడటం ఏపాటిదో అతనికి తెలుసు. ఇంట్లో ఉన్న ఒక్క ముక్కూ పోయింది, చెప్పేవాళ్ళు లేరు. గేటులోకి వచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తే, అది దుఃఖానికో కంపుకో తెలిసేది కాదు. కొందరు బేరానికి వచ్చారు, కొందరు దాని ముందు నిలబడి ఫోటో తీసుకుంటామన్నారు, ఆమె పోయి నెల తిరగకుండానే. అందరినీ పంపేశాడు.

ఒక పొద్దున పంపుల షాపాయన వచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడిచాడు.

"అన్నా, నాన్న అడగమన్నాడు. ఆ బండి ఆయనకి ఇస్తావేమోనని. కూర్చుని తొక్కేది కదా, మడమతో తొక్కొచ్చంటాడు. మోటరు కూడా ఉంది కదా అంటాడు. నడవలేక, ఇంట్లో ఉండలేక చంపేస్తున్నాడు. హారను ఎలాగూ నాదేనంటాడు."

అతను గుడ్డతో పిడులు తుడిచాడు. తర్వాత, తనకి తెలియకుండానే, "అందులో కంపేమన్నా ఉందేమో చూడు," అన్నాడు.

షాపాయన మోకాళ్ళ మీద కూర్చుని, అలవాటైన మనిషిలాగా కళ్ళు మూసుకుని, బండిలోకి తల దూర్చాడు. సీటు దగ్గర, పిడుల దగ్గర, పలక సందు దగ్గర నిదానంగా పీల్చాడు.

"కంపు లేదన్నా. బాగుంది." మళ్ళీ సీటు మీదికి వంగాడు. "సీటు దగ్గర స్పిరిటు వాసనొస్తోంది. దాంతో పాటు ఏదో సబ్బు. అక్క గదిలోకి వస్తే వచ్చేది చూడు, అది. ఇంకా ఉంది."

అతను ఆ ముక్కు వైపు చూశాడు. ముందు సగం పాదాన్ని తినేసిన చెత్త ఈ చేతిదే. ఆమె మిగిల్చిపోయిన వాసన ఈ లోకంలో ఇప్పుడు అందుతున్నది ఈ ముక్కుకే. తనకి కాదు. ఉమ్మిన కారాయన కంటే, పురుగుల కంటే, నల్ల జిగురు కంటే అదే అతనికి ఎక్కువ రోతగా తోచింది. లేచి వెళ్ళగొట్టాలనిపించింది.

"మీ నాన్నని తీసుకురా. పెడలు మడమకి సరిపోయేట్టు మార్చాలి, కొలత కావాలి," అన్నాడు.

"సరే అన్నా." షాపాయన లేవబోయాడు.

"ఆగు," అన్నాడతను, గోడ వైపు చూస్తూ. "ఇంకోసారి చూడు. సబ్బు ఏది? ఎర్రదా, పచ్చదా?"